మార్కాపురంలో రెండొందల లీటర్ల సముద్రం

మా ఊరు మార్కాపురానికీ తర్లుపాడుకీ మధ్యలో ఉంటుంది. సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి, వంద కిలోమీటర్ల పైమాటే. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలని కర్నూలు నుంచి తీసి అందులో కలిపారు (ఆ జిల్లాకి ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో). అలా కాగితం మీద మేం కూడా సముద్రమున్న జిల్లావాళ్ళమైపోయాం. ఆ తర్వాత జిల్లాల గీతలు మళ్ళీ మారాయి గానీ, మా పశ్చిమ ప్రకాశంలో మారనిది ఒకటుంది: పొద్దున లేస్తే నీళ్ళ గురించి మాట్లాడుకోవడం.

అలాంటి ఊళ్ళో నేను ఇంట్లో సముద్రం పెట్టాను. నవ్వకండి. మూడడుగుల గాజు టాంకు, దాని కింద బల్లలో ఇంకో చిన్న టాంకు, రెండూ కలిపి రెండొందల లీటర్ల ఉప్పునీళ్ళు. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఆఫీసువాళ్ళు ఇంటినుంచే పని చేసుకోమంటే, హైదరాబాదులో ఖాళీ ఫ్లాటుకి అద్దె కట్టడం దండగని అందరం ఊరొచ్చేశాం. మా పాపకి అప్పుడు ఆరేళ్ళు. నెమో సినిమా చూసీ చూసీ ఆ చేపే కావాలని కూర్చుంది. కాల్స్ అన్నీ సాయంత్రం మొదలయ్యేవి కాబట్టి నాకూ పగలు కాస్త తీరిక. ఇంకేం, మొదలెట్టేశా.

మా నాయన మాత్రం మొదటిరోజే అడిగాడు. "తాగే నీళ్ళు డబ్బా కొనుక్కొని తాగతన్నాం. నువ్వేమో చేపలకి ఉప్పునీళ్ళు కలపతానంటన్నావు. కొత్తపట్నం పోయి రెండు డ్రమ్ములు పట్టుకొస్తే అయిపోదంట్రా?"

అయిపోదు. ఒడ్డున దొరికే నీళ్ళలో బురదా మురుగూ ఉంటాయి, డ్రముల్లో నిలవుంటే కంపు కొడతాయి. కాబట్టి టాంకులు పెట్టుకునేవాళ్ళు మామూలుగా చేసేదేంటంటే, ఆర్వో నీళ్ళలో సముద్రపు ఉప్పు పొడి కలుపుకోవడం. లీటరుకి సుమారు 35 గ్రాములు. రెండొందల లీటర్లకి ఏడు కిలోలు. వంటింటి ఉప్పు పనికిరాదు; కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ సముద్రంలో ఉన్న పాళ్ళలోనే ఉండాలి.

"మరి బోరు నీళ్ళలోనే ఆ ఉప్పు కలపొచ్చుగా?" అంది మా ఆవిడ. మంచి ప్రశ్నే. దానికి జవాబు వెతుకుతూ నేను సముద్రపు నీళ్ళలో ఏమేముంటాయో జాబితా చూశాను. అందులో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. ఫ్లోరైడు, లీటరుకి 1.3 మిల్లీగ్రాములు. మా బోరు నీళ్ళు అంతకుముందే పరీక్ష చేయించి ఉన్నాం. రెండు దాటింది. తాగే నీళ్ళకి మన దేశంలో పెట్టుకున్న హద్దు 1, వేరే దిక్కు లేకపోతే 1.5. అంటే ఫ్లోరైడు లెక్కలో సముద్రం కూడా ఆ చివరి హద్దుకి లోపలే ఉంది, మా బోరు మాత్రం దాటేసింది.

ఇది నాకు కొత్త సంగతేం కాదు. నా ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. చిన్నప్పుడు పళ్ళు తయారయ్యే వయసులో తాగిన నీళ్ళ గుర్తులవి, ఎంత తోమినా పోవు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో టీ తాగుతుంటే ఒక సహోద్యోగి "గుట్కా ఎప్పుడు మానేశావ్?" అనడిగాడు. నవ్వేసి ఊరుకున్నా గానీ, తర్వాత చాన్నాళ్ళు ఫోటోల్లో నోరు మూసుకునే నవ్వాను. నావంటే పళ్ళే. మా నాయన ముప్ఫయ్యేళ్ళు ఆ బోరు నీళ్ళే తాగాడు. ఇప్పుడు మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి, వంగి చెప్పు వారు పెట్టుకోలేడు. ఎముకల్లో ఫ్లోరైడు చేరిందన్నారు డాక్టర్లు. మన దేశంలో ఈ జబ్బు గురించి మొదటిసారి రాసింది 1937లో, షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలో చూసి. మా పక్కనున్న పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. అంటే కనిపెట్టి ఎనభై ఏళ్ళు దాటింది.

సరే, అసలు కథకొస్తా.

నీళ్ళు కలిపాం, రాళ్ళు పెట్టాం. (పగడాలు పెట్టలేదు. గట్టి పగడాలన్నీ మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం కిందకి వస్తాయి, ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి.) అమ్మోనియాని మింగే సూక్ష్మజీవులు పెరగడానికి ఆరు వారాలు ఖాళీ టాంకుని చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత చెన్నై కొళత్తూరు నుంచి రెండు నెమో చేపలూ, ఒక నీలం చేపా తెచ్చాను. థర్మోకోల్ పెట్టెలో, ఆక్సిజన్ నింపిన సంచుల్లో, రాత్రంతా కారు నడుపుకుంటూ.

ఈ టాంకుల్లో ముఖ్యమైన సామాను ప్రొటీన్ స్కిమ్మర్. పేరు గొప్పగా ఉంది గానీ మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "పప్పు ఉడికేటప్పుడు పైన తెట్టు కడతది, గరిటెతో తీసేస్తాం. అదేగా?" అదే. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత నీళ్ళలో కరిగి కుళ్ళకముందే తీసెయ్యాలి. ఆ కరిగిన పదార్థాల్లో చాలావాటికి ఒక కొస నీళ్ళంటే ఇష్టం, ఇంకో కొస నీళ్ళంటే పడదు. అందుకని గాలి బుడగ కనబడితే చాలు, దాని పైపొరకి పోయి అతుక్కుంటాయి. స్కిమ్మర్ చేసేదల్లా ఒక గొట్టంలో లక్షల సన్న బుడగలు పుట్టించడం. ఉప్పునీళ్ళలో బుడగలు ఒకదాంతో ఒకటి త్వరగా కలిసిపోవు, సన్నగానే ఉంటాయి. మంచినీళ్ళ టాంకులో ఈ మిషను సరిగ్గా పనిచెయ్యకపోవడానికి అదొక కారణం. బుడగలు పైకెళ్ళి సన్నటి మెడలో గట్టి నురగ అవుతాయి, నురగ ఎక్కెక్కి పైన గిన్నెలో పడుతుంది. గిన్నెలో చేరేది చిక్కటి డికాషన్ రంగు నీళ్ళు. వాసన గురించి చెప్పను, మీరు భోంచేసి ఉంటారు :)

బిగించడం అరగంట పని. సరిచెయ్యడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎందుకో చెబుతా.

మొదటిరోజు ఆన్ చేస్తే పది నిమిషాల్లో గిన్నె నిండి పొర్లింది. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి, మురికి లేదు. కొత్త మిషను లోపల అంటుకుని ఉండే జిడ్డూ గిడ్డూ వల్ల మొదట్లో అలా ఉంటుందిట. నాకు తెలీక బయటకి పోయే పైపు మర మొత్తం తిప్పేశాను. నురగ చచ్చిపోయింది. మళ్ళీ కొంచెం బిగించా. గంటకోసారి కాల్ మధ్యలో మ్యూట్ కొట్టి వచ్చి ఇటు పావు తిప్పు, అటు పావు తిప్పు. ఒకరోజు గాలి మర, నీటి మర రెండూ ఒకేసారి మార్చాను. బాగయింది. దేనివల్ల బాగయిందో తెలీదు. తెల్లారి మళ్ళీ పాడయింది. ప్రొడక్షన్ సర్వర్‌లో రెండు సెట్టింగులు ఒకేసారి మారిస్తే జూనియర్లని కేకలేసేవాణ్ణి నేనే.

చివరికి బుద్ధి తెచ్చుకుని ఒక పద్ధతి పెట్టుకున్నా. మొదట గాలి పూర్తిగా తెరిచి వదిలెయ్యి, దాని జోలికి పోకు. నీటి మర బాగా తెరిచి లోపలి నీటిమట్టం కిందనే ఉంచు. రోజుకి ఒక్కసారే, కొంచెమే, ఆ ఒక్క మరే బిగించు. మళ్ళీ రేపటిదాకా చెయ్యి పెట్టకు. బుడగలు నురగగా మారే గీత గిన్నె మెడ అడుగుకి వచ్చేదాకా అలా పైకి తెచ్చుకో. మట్టం ఇంకొంచెం పైకుంటే టీ రంగులో పల్చగా ఎక్కువ వస్తుంది, కిందకుంటే డికాషన్‌లా చిక్కగా తక్కువ వస్తుంది. రెండూ తప్పు కాదు. ఇంకో సంగతి, చేతికి నూనె ఉంటే టాంకులో చెయ్యి పెట్టకండి. మా అమ్మ మురుకులు చేసినరోజు నాలుగు తిని చెయ్యి పెట్టాను, సాయంత్రందాకా నురగ లేదు.

అయినా కుదర్లేదు. పొద్దున బాగా ఉన్నది సాయంత్రానికి ఆగిపోయేది. మీటరూ పెన్నూ పట్టుకుని రెండురోజులు కూర్చుంటే అర్థమైంది: తప్పు మిషనుది కాదు, మా ఎండలది. ఏప్రిల్లో మా దగ్గర 42, 43 డిగ్రీలు మామూలు. టాంకు వేడెక్కకుండా పైన ఫ్యాను పెట్టాను, దాంతో రోజుకి ఐదారు లీటర్లు ఆవిరైపోతున్నాయి. కింద టాంకులో నీటిమట్టం అంగుళం తగ్గితే స్కిమ్మర్ లోపల మట్టం కూడా తగ్గుతుంది. నేను మర తిప్పి సరిచేస్తున్నది అసలు సమస్యని కాదు. ఫ్లష్ టాంకులో ఉండే బంతి లాంటిదొకటి పెట్టి, తగ్గినన్ని ఆర్వో నీళ్ళు (ఉప్పు కలపనివి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు) వాటంతటవే పడేలా చేశాక మట్టం నిలబడింది.

ఇహ స్కిమ్మర్ ఎత్తు. నా టాంకులో నీళ్ళు దానికి కావలసిన దానికంటే రెండంగుళాలు ఎక్కువ. దాని కింద ఏదో ఎత్తు పెట్టాలి. మా నాయనే పెరట్లోంచి నాలుగు పలక ముక్కలు తెచ్చిచ్చాడు. మార్కాపురం పలక! మీలో చాలామంది ఓనమాలు దిద్దింది మా రాయి మీదే అయ్యుంటుంది. పలక మీద వెనిగర్ చుక్క వేసి చూశా, పొంగలేదు. తుప్పు చారలూ, పసుపు మెరుపులూ ఉన్న ముక్కలు పక్కన పెట్టేశా (అవి ఉప్పునీళ్ళలో లోహాలు వదులుతాయి). ఒక పలక పెట్టడం, రోజు ఆగడం, ఇంకో పలక పెట్టడం. నాలుగో పలకకి కుదిరింది. ఆ తర్వాత నెలల తరబడి మర తిప్పే పని పడలేదు.

ఇక్కడితో ఆగితే బావుండేది.

2022 మే నెలలో ఆఫీసు పని మీద ఎనిమిది రోజులు హైదరాబాదు పోవలసి వచ్చింది. పోతూ ఇంట్లో అందరికీ చెప్పాను: మేత తప్ప ఇంకేం ముట్టుకోవద్దు, మూడు వారాలు పట్టింది సరిచెయ్యడానికి అని. ఐదోరోజు మా నాయన ఫోన్ చేసి, "ఆ పైన గిన్నె నిండొచ్చిందిరా, పారబోసేదా?" అన్నాడు. నేను మీటింగులో ఉన్నా. "వద్దు నాయనా, నేనొచ్చి చూసుకుంటా, కదిలిస్తే సెట్టింగు పోతుంది" అని పెట్టేశా. గిన్నె తీసి కడిగి మళ్ళీ పెట్టడం చంటిపిల్లాడు కూడా చెయ్యగలిగిన పని. దాంతో ఏ సెట్టింగూ పోదు. ఆ సంగతి నాకూ తెలుసు.

ఏడోరోజు రాత్రి గాలివాన. కరెంటు పోవడం, రావడం, పోవడం. కరెంటు పోయినప్పుడల్లా పై టాంకులో కొన్ని నీళ్ళు కిందకి దిగుతాయి, కింద మట్టం పెరుగుతుంది. కరెంటు రాగానే స్కిమ్మర్ ఆ ఎక్కువ నీళ్ళలో మొదలై పొర్లుతుంది. పొర్లిన నీళ్ళు ఎటు పోతాయి? గిన్నెలోకి. గిన్నె అప్పటికే నిండి ఉంది. వారంపాటు టాంకులోంచి తీసిన మురికంతా ఒక్క రాత్రిలో మళ్ళీ టాంకులోకే పోయింది. ఆ పైన తెల్లవారుజామున రెండు మూడు గంటలు అసలు కరెంటే లేదు, నీళ్ళకి గాలి లేదు. నా వైఫై రౌటర్‌కి ఇన్వర్టర్ ఉంది, చేపల పంపుకి లేదు.

నేను వచ్చేసరికి నీలం చేపా, ఒక నెమో చేపా పోయాయి. పాప నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నాయన ఏమీ అనలేదు. అని ఉంటే బావుండేది.

తర్వాత చెయ్యవలసినవన్నీ చేశాను. బాటరీతో నడిచే గాలి పంపు పెట్టా. కరెంటు వచ్చాక పది నిమిషాలు ఆగి స్కిమ్మర్ మొదలయ్యేలా టైమర్ పెట్టా. గిన్నెకి అడుగున పైపు వేసి, మూత ఉన్న క్యానులోకి దింపా. క్యాను నిండితే స్కిమ్మర్ ఆగిపోయేలా తేలే స్విచ్చి పెట్టా. అన్నిటికన్నా ముఖ్యం, గిన్నె పని నాయనకి అప్పజెప్పా. ఆయన అడిగి తీసుకున్నాడు.

మొదటిరోజు క్యాను పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడి అడిగాడు. "ఇది యాడ పొయ్యాల్రా? చెట్టుకి పోస్తే ఉప్పు. కాలవలో పోస్తే కంపు."

"బాత్రూంలో పోసెయ్ నాయనా" అన్నా.

ఆయన కదల్లేదు. "మరి నీ ఆర్వో మిషను ఇడిసిపెట్టే నీళ్ళు యాడికి పోతన్నాయి?"

నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరం పోయి చూశాం. వంటింటి గోడలోంచి సన్న పైపు బయటకొచ్చి, పెరట్లో గుంటలోకి పోతోంది. గుంటకి పదడుగుల్లో నిమ్మచెట్టు. దాని ఆకుల అంచులు మాడి రెండేళ్ళయింది, తెగులనుకుని మందు కొట్టిస్తున్నాం. నిమ్మజాతి చెట్లు ఉప్పుకి అస్సలు తట్టుకోవు. గుంటకి అవతల ఇంకో పాతికడుగుల్లో మా బోరు.

లెక్క వేసి చూడండి. మా మిషను నాలుగు లీటర్లు తీసుకుని ఒక లీటరు మంచినీళ్ళిస్తుంది, మూడు వదిలేస్తుంది. ఆ నాలుగు లీటర్లలో ఉన్న ఫ్లోరైడూ ఉప్పూ దాదాపు అంతా ఈ మూడు లీటర్లలోకే చేరుతుంది. లీటరుకి రెండు మిల్లీగ్రాములు లోపలికి పోతే, బయటకొచ్చే వృథా నీళ్ళలో రెండున్నర పైన. 1300 ఉన్న టీడీఎస్ 1700 అవుతుంది. ఫిల్టరు ఫ్లోరైడుని మాయం చెయ్యదు, పోగు చేసి పక్కన పెడుతుంది, అంతే. మా పక్క చాలా ఊళ్ళలో వాటర్ ప్లాంటు ఉంది. ప్లాంటు ముందు నీళ్ళ డబ్బాలు చూస్తాం, వెనక పైపు చూడం. ఆర్వోనే కాదు, నీరీ సంస్థవాళ్ళు కనిపెట్టిన నల్గొండ పద్ధతిలో పటికా సున్నమూ వేసి ఫ్లోరైడుని అడుక్కి దించుతారు; ఆ అడుగు మడ్డి ఎక్కడ పొయ్యాలన్నదే దానికీ తలనొప్పి. ప్రతి ఫిల్టరుకీ ఒక గిన్నె ఉంటుంది. స్కిమ్మర్ గిన్నె కంపు కొడుతుంది కాబట్టి కనబడింది. ఫ్లోరైడుకి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు కూడా దాన్ని విడిగా చూపించలేదు. "టీడీఎస్ 300 వచ్చింది, నీళ్ళు మంచియ్యే" అని మా దగ్గర అందరూ అంటారు. ఫ్లోరైడు సంగతి విడిగా పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ పైపు గుంటలోకి కాదు, ఒక డ్రములోకి పోతుంది. ఆ నీళ్ళతో ఇల్లు తుడుస్తాం, బండి కడుగుతాం, బాత్రూంలో వాడతాం. దీంతో ఫ్లోరైడు ఎక్కడికో పోయిందని చెప్పను, అది చివరికి మళ్ళీ నేలలోకే చేరుతుంది. కాకపోతే ఆ పనులకని బోరులోంచి కొత్తగా తోడడం తగ్గింది. నిమ్మచెట్టు రెండు వానాకాలాల తర్వాత కొత్త ఆకులేసింది. అసలు మందు నదుల నీళ్ళే, ఆర్వోలు కాదని మా దగ్గర చిన్నపిల్లలకీ తెలుసు. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేసినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. దాని సొరంగాలకి ప్రారంభోత్సవం 2024 మార్చిలో జరిగింది. ఆ మధ్యలో ఎంతమంది ఎముకల్లో ఎంత చేరిందో లెక్కకట్టే మీటరు లేదు.

2023లో ఆఫీసువాళ్ళు వెనక్కి రమ్మంటే మళ్ళీ హైదరాబాదు చేరాం. టాంకు ఊళ్ళోనే ఉంది, మిగిలిన ఆ ఒక్క చేపతో సహా. నాయన వంగలేడు కాబట్టి క్యానుని నడుము ఎత్తు బల్ల మీదకి మార్చి, పైన చిన్న పంపు పెట్టి ఇచ్చాను. రోజూ పొద్దున ఫోన్ చేసి రిపోర్టు ఇస్తాడు. "ఈ పొద్దు నల్లగా వచ్చింది. పారబోసి కడిగినా." మర ఎంత తిప్పాలో నన్ను అడగడు. నేనూ చెప్పను.

మీ ఇంట్లో ఆర్వో ఉంటే ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. దాని వెనకున్న సన్న పైపు పట్టుకుని చివరిదాకా వెళ్ళి చూడండి. ఎక్కడికి పోతోందో చూశాక ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది.